దూరం: అవమానమా, అభయమా?





"దూరంగా ఉండు" అనే మాట మన తాతలు విన్నారు, తండ్రులు విన్నారు, మనలో చాలామంది చిన్నతనంలో విన్నారు. బావి దగ్గర విన్నాం. గుడి మెట్ల దగ్గర విన్నాం. హోటల్లో మనకోసం వేరేగా పెట్టిన గ్లాసు కూడా ఆ మాటే చెప్పింది. పేష్వాల కాలంలో పూణేలో అంటరానివాళ్లు నడుముకు చీపురు కట్టుకుని, తమ అడుగుల్ని తామే ఊడ్చుకుంటూ నడవాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశారు. మన వాడ ఊరికి ఎంత దూరంలో ఉండాలో కూడా మనం నిర్ణయించుకోలేదు, వేరేవాళ్లు నిర్ణయించారు. అందుకే ఆ మాట వినగానే మనకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

ఇప్పుడు అదే మాట మనకు ఇంకో చోట ఎదురవుతుంది. ఆదివారం పిల్లల్ని తీసుకుని జింకల పార్కుకో, చెరువు గట్టుకో పోతాం. అక్కడ బోర్డు ఉంటుంది: జంతువులకు దూరంగా ఉండండి, తిండి పెట్టకండి, అరవకండి. చదివి కొందరు నవ్వుతారు, కొందరు పట్టించుకోరు. మన బస్తీల్లో జరిగే ధమ్మ చర్చల్లో యువకులు సూటిగానే అడుగుతుంటారు. "దూరం వల్లే కదా మనం నలిగిపోయింది? ధమ్మమంటే ప్రేమ, కలుపుకోవడం అని మీరే చెప్తారు. మరి జింక దగ్గరికి పోయి ప్రేమగా నాలుగు బిస్కెట్లు పెడితే తప్పేంటి?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యకూడదు. ఈ చిన్న పుస్తకంలో దాని గురించే ఆలోచిద్దాం.

మన పక్కన ఎవరు బతుకుతున్నారు?

ముందు ఉన్నదున్నట్టు చూద్దాం. సమ్మా దిట్ఠి అంటే అదే కదా.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అదే ఏడాది జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కును, అంటే మనం కేబీఆర్ పార్కు అని పిలిచేదాన్ని, జాతీయ పార్కుగా ప్రకటించారు. సుమారు 390 ఎకరాలు. చుట్టూ సిగ్నళ్లు, హారన్లు. లోపల నెమళ్లు. కొండాపూర్‌లో ఐటీ ఆఫీసుల మధ్యనే కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కు ఉంది. దాన్ని 1994లో ప్రకటించారు, విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లు. అక్కడ చుక్కల దుప్పులు, కణుజులు, అడవి పందులు తిరుగుతాయి. వనస్థలిపురం వైపు మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. ఒకప్పుడు అది నిజాముల వేట మైదానం. మియాపూర్ అవతల అమీన్‌పూర్ చెరువుకు వలస పక్షులొస్తాయి. దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, దాన్ని ఆనుకున్న కంచ భూములు, ఆ బండరాళ్ల మధ్య జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు, పాములు.

అంటే మనం అద్దాల మేడలు అనుకునే ఈ ప్రాంతం వాటికి పుట్టిల్లు. ఆ మేడల్లో పనిచేసేవాళ్లలో మనవాళ్లు ఎంతోమంది. కొందరు లోపల కంప్యూటర్ ముందు, చాలామంది బయట సెక్యూరిటీలో, హౌస్‌కీపింగ్‌లో, క్యాబ్ స్టీరింగ్ ముందు. రాత్రి డ్యూటీలో గేటు దగ్గర నిలబడ్డ అన్నకు పాము ఎదురవుతుంది. తెల్లారి చెత్త ఊడ్చే అక్కకు కోతుల గుంపు ఎదురవుతుంది. పార్కు టికెట్ కొని చూసేవాళ్ల కంటే ముందు అడవి జీవి మన మనిషికే కనబడుతుంది. కాబట్టి ఇది తీరికున్నవాళ్ల సరదా విషయం అనుకోవద్దు.

"పశువులకున్న విలువ మనకు లేదు"

ఇక్కడ ఒక పాత గాయం ఉంది. దాన్ని దాటవేసి మైత్రి గురించి మాట్లాడితే అబద్ధమవుతుంది.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, పక్షులు తాగొచ్చు, అంటరాని మనిషి మాత్రం తాగకూడదు. మన దగ్గర కారంచేడు సంగతి తెలిసిందే. 1985 జూలైలో ఆ గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు దగ్గర, గేదెల కుడితి బకెట్ అక్కడ కడగడం దగ్గర. ఆవు పేరు చెప్పి మన తిండి మీద, మన ఒంటి మీద దాడి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్కకు ఏసీ గది పెట్టి, పనిమనిషిని లిఫ్ట్ ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లు ఈ సైబరాబాద్‌లోనే ఉన్నాయి.

ఇవన్నీ చూసినవాడికి "జంతువుల్ని ప్రేమించండి" అంటే కోపం రావడం సహజం.

కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ చెరువులో నీళ్లు తాగిన ఎద్దు మనల్ని అడ్డుకుందా? కుడితి తాగిన గేదె కారంచేడులో కత్తి పట్టిందా? జంతువును అడ్డం పెట్టుకుని మనిషిని తక్కువ చేసింది మనిషే. మహాడ్‌లో బాబాసాహెబ్ పశువుల్ని చెరువు నుంచి తోలెయ్యమనలేదు. మేమూ తాగుతాం అన్నారు. ఇంకొకరి హక్కు తీసేసి మన హక్కు తెచ్చుకోవడం ఆయన దారి కాదు.

'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఒక తేడా చెప్పారు. కరుణ అంటే మనుషుల మీద ప్రేమ, అది సరిపోదు, బుద్ధుడు ఇంకో అడుగు ముందుకు వేసి మైత్రి నేర్పాడు, అది ప్రాణులన్నిటి మీద ప్రేమ అన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో కూడా ప్రాణులన్నిటి పట్ల దయతో ఉంటాను, వాటిని కాపాడతాను అన్న మాట ఉంది. దీక్ష తీసుకున్న మనం ఆ ప్రతిజ్ఞను మిగతావాటి లాగే పాటించాలి.

రెండు రకాల దూరం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ప్రేమ ఉంటే దూరం ఎందుకు?

బుద్ధుడు మొదటి ఉపదేశం ఇచ్చిన చోటు పేరు గుర్తు చేసుకోండి. ఇసిపతన మిగదాయం. ఇవాళ్టి సారనాథ్. మిగదాయం అంటే జింకల వనం. జింకలకు అభయం ఇచ్చిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని అట్టకథలు చెప్తాయి. ధమ్మచక్రం మొదట తిరిగింది జింకలు భయపడనక్కర్లేని నేల మీద. అభయం అంటే ఏంటి? వాటిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడమా? వాటి జోలికి ఎవరూ పోకపోవడం. అంటే అక్కడా ఒక దూరం ఉంది.

కాబట్టి దూరాలు రెండు రకాలు. ఒకటి అవమానించే దూరం, రెండోది అభయమిచ్చే దూరం. రెండూ పైకి ఒకేలా కనబడతాయి. వాటిని వేరు చెయ్యడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఈ దూరం పాటించే బరువు ఎవరి మీద ఉంది? కులం పెట్టిన దూరంలో బలవంతుడు దర్జాగా నడుస్తాడు, పక్కకు జరగాల్సింది బలహీనుడు. అడవిలో పాటించే దూరంలో ఆగాల్సింది మనం. కారు, కెమెరా, గుంపు ఉన్న మనమే అక్కడ బలవంతులం. బరువు మన మీద, నెమ్మది జింకకు.

రెండోది: దూరం పెట్టినవాడు అవతలివాడి నుంచి ఏమైనా పిండుకుంటున్నాడా? కులం మన చెమట కావాలంది, మన నీడ వద్దంది. మన చేత పొలం దున్నించుకుని, పంట ఇంటికి చేరాక గడప బయట నిలబెట్టింది. అడవిలో సరైన దూరం పాటించేవాడు ఆ ప్రాణి నుంచి ఏమీ తీసుకోడు. ఫోటో కూడా దొరికితే సరే, దొరకకపోయినా సరే.

మూడోది: దానికి కారణం చెప్పగలమా? ఆ కారణాన్ని ఎవరైనా పరీక్షించి చూడగలరా? అంటరానితనానికి పుట్టుక తప్ప కారణం లేదు. అడవి దూరానికి కారణాలు కళ్ల ముందే ఉంటాయి. దగ్గరకు పోతే దుప్పి మేత మానేసి పరుగెత్తుతుంది, పిల్ల తప్పిపోతుంది. కోతి కరుస్తుంది. మన జబ్బులు వాటికి, వాటి జబ్బులు మనకు అంటుకుంటాయి. ఎవరైనా చూసి తేల్చుకోవచ్చు.

ఈ మూడు ప్రశ్నలతో అటవీశాఖ పెట్టే దూరాన్ని కూడా పరీక్షించాలి. నల్లమలలో పెద్దపులి కోసమని తరతరాలుగా అక్కడే బతుకుతున్న చెంచుల్ని బయటికి పొమ్మంటే, ఆ బరువు ఎవరి మీద పడుతుంది? అడవిలో బలవంతుడు చెంచు కాదు. కాబట్టి ఆ దూరం మొదటి ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది అందుకే. మైత్రి పేరుతో బలహీనుణ్ణి కదిలించేవాళ్లు చేసేది మైత్రి కాదు.

విహారయాత్ర, ధమ్మయాత్ర

చూడటం కూడా కర్మే. ఎలా చూస్తున్నాం అన్నదాంట్లో మన మనసు బయటపడుతుంది.

దసరా రోజు పాలపిట్టను చూస్తే శుభమని మన దగ్గర నమ్మకం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. జనం చూడాలనుకుంటారు, ఎగిరే పిట్ట అడిగినప్పుడు కనబడదు. అందుకని కొందరు ముందే పట్టుకుని, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. రోజుల తరబడి తిండి లేక చాలా పిట్టలు చచ్చిపోతాయి. ఒక మనిషి శుభం కోసం ఒక పిట్ట ప్రాణం. ఇదే విజయదశమి మనకు ధమ్మదీక్ష రోజు. ఆ రోజు కట్టేసిన పిట్టను చూడటానికి డబ్బిచ్చేవాడు, ఆ తాడు పేనడంలో తనూ ఒక చెయ్యి వేసినట్టే. అలా చూపిస్తే డబ్బివ్వకండి, అటవీశాఖకు చెప్పండి. అది చట్టరీత్యా నేరం.

మరి ఎలా చూడాలి? దీనికి జవాబు మన తెలుగు నేల మీద రాతి మీదే ఉంది. కర్నూలు జిల్లాలో పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకటి ఏం చెప్తుందంటే, పూర్వం రాజులు విహారయాత్రలకు పోయేవాళ్లు, వేటాడేవాళ్లు, ఇంకా అలాంటి వినోదాలుండేవి. అశోకుడు పట్టాభిషేకం అయిన పదేళ్లకు బోధి వృక్షం దగ్గరికి వెళ్లాడు. అప్పటి నుంచి ధమ్మయాత్రలు మొదలయ్యాయి. ఆ యాత్రల్లో పెద్దల్ని కలవడం, పల్లె జనాన్ని కలవడం, ధమ్మం గురించి మాట్లాడుకోవడం. ఇంకో శాసనంలో తన వంటశాల లెక్క చెప్పాడు. ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి. ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఇవీ ఉండవు. ఆ నెమళ్లు, ఆ జింకలే ఇవాళ కేబీఆర్‌లో, గచ్చిబౌలిలో మన కళ్ల ముందు తిరుగుతున్నాయి.

విహారయాత్ర అనే మాట తెలుగులో ఇప్పటికీ పిక్నిక్ అనే అర్థంలో వాడుతున్నాం. చాలామంది పార్కుకు పోయేది ఆ పద్ధతిలోనే. స్పీకర్‌లో పాటలు, చిప్స్ కవర్లు, నెమలి కనబడగానే వెంటపడటం, జింక ముందు సెల్ఫీ. చంపడం ఒక్కటే తక్కువ, మిగతాదంతా వేటే. చుట్టుముట్టడం, తరమడం, చివరికి ఫోటోను ఇంటికి తెచ్చుకోవడం. అశోకుడు మానుకున్నది చంపడం ఒక్కటే కాదు, ఆ యాత్రనే మార్చుకున్నాడు. మనం కూడా ఆ మార్పు చేసుకోవచ్చు. దానికి చక్రవర్తి కానక్కర్లేదు.

మహారాష్ట్ర అడవుల్లో బుద్ధ పూర్ణిమ రాత్రి జంతువుల్ని లెక్కపెట్టే పద్ధతి ఉంది. ఎండాకాలం కాబట్టి జంతువులన్నీ నీటి గుంటల దగ్గరికి వస్తాయి, నిండు వెన్నెల కాబట్టి కనబడతాయి. మనుషులు చెట్టు మీద మంచె కట్టుకుని రాత్రంతా కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటారు. ఏది వస్తే అది రాసుకుంటారు. రాకపోతే ఊరుకుంటారు. ధ్యానంలో శ్వాసను చూసేటప్పుడు మనం చేసేది కూడా ఇదే. శ్వాసను లాగం, తోయం, చూస్తాం. ఆ ఓపిక వచ్చినవాడికి జింక తనంతట తనే కనబడుతుంది.

తిండి పెట్టడం మైత్రి అవుతుందా?

బిస్కెట్ల ప్రశ్న మిగిలింది.

రోడ్డు పక్క కారు ఆపి కోతులకు అరటిపళ్లు విసిరేవాళ్లను చూస్తుంటాం. పుణ్యం అంటారు. ఆ పుణ్యం తర్వాత ఏం జరుగుతుందో చూడండి. కోతి అడవిలో కాయ వెతుక్కోవడం మానేస్తుంది. కారు ఆగితే తిండి అని నేర్చుకుంటుంది. రోడ్డు మీదకొచ్చి టైర్ల కింద పడుతుంది. రేపు పళ్లు లేకుండా నడిచిపోయే పిల్ల చేతిలో సంచి లాక్కుంటుంది, కరుస్తుంది. అప్పుడు అదే జనం కోతుల బెడద అంటారు.

విసిరేసిన తిండి సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు? పెళ్లి అయిపోయాక మిగిలిన విస్తరి అన్నం పెట్టి, దాన్ని దానం అన్నారు. బాబాసాహెబ్ మనకు నేర్పింది ఆ చెయ్యి కింద నిలబడొద్దని, సొంత కాళ్ల మీద బతకమని. తన తిండి తాను వెతుక్కోగల ప్రాణిని మన చేతి కింద నిలబెట్టడం కూడా అలాంటిదే. పెట్టేవాడికి గొప్పగా అనిపిస్తుంది, తీసుకునేదాని సత్తువ పోతుంది. దాని చెట్టు దానికి, దాని చెరువు దానికి ఉండేలా చూడటం అసలైన మైత్రి. అది పళ్లు విసరడం కంటే చాలా కష్టం.

పాము, పంచశీలం

ఇంక భయం గురించి. మొదటి శీలం ప్రాణహింస చెయ్యనని. మరి ఇంట్లోకి నాగుపాము వస్తే?

అంగుత్తర నికాయంలో ఒక సంఘటన ఉంది. సావత్థిలో ఒక భిక్షువు పాము కాటుకు చనిపోయాడు. బుద్ధుడు పాముల మీద కోపం తెచ్చుకోమనలేదు, వాటి కులాలన్నిటి మీదా మైత్రి నింపుకోమన్నాడు. దీన్ని మంత్రంగా తీసుకుని, చదివితే పాము కరవదు అనుకుంటే మూఢత్వమే. దాన్ని ఇలా అర్థం చేసుకోవాలి. పాము మీద మైత్రి ఉన్నవాడు అది ఉంటుందని గుర్తుంచుకుని నడుస్తాడు. రాత్రి టార్చి వేసుకుంటాడు. రాళ్ల సందులో చెయ్యి పెట్టడు. ఇంటి చుట్టూ చెత్త పోగు చెయ్యడు, ఎందుకంటే చెత్త ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే పాములు. మైత్రి అంటే ఎరుక.

బాబాసాహెబ్ చంపాలన్న కోరికను, చంపక తప్పని అవసరాన్ని వేరు చేసి చూపించారు. బుద్ధుడు నిషేధించింది మొదటిదాన్ని అన్నారు. అయితే ఈ నగరంలో పాము విషయంలో ఆ అవసరం దాదాపు రాదు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఎన్నో ఏళ్లుగా హైదరాబాద్‌లో పాముల్ని పట్టి అడవిలో వదులుతున్నారు. పాము కనబడితే దాన్ని కళ్లతో గమనిస్తూ దూరంగా నిలబడండి, అలాంటివాళ్లకు ఫోన్ చెయ్యండి. కర్ర పట్టుకుని మీద పడేవాళ్లే ఎక్కువగా కాటు తింటారు.

కాటు పడితే ఇవి గుర్తుంచుకోండి. కరిచిన కాలో చెయ్యో కదపొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసెయ్యండి. గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. మంత్రగాడి దగ్గర, నాటు మందు దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు పనిచేస్తుంది. పామును పట్టుకుని తీసుకుపోవాల్సిన పని లేదు. కోతి గానీ కుక్క గానీ కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

అపశకునం అనే అబద్ధం

చెరువు గట్టు మీద నడుస్తుంటే తీతువు పిట్ట గట్టిగా అరుస్తూ తల మీద తిరుగుతుంది. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మన ఊళ్లలో భయపడతారు. అది నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. గుడ్లు రాళ్ల రంగులోనే ఉంటాయి. మన కాలు పడుతుందేమోనని తల్లి అరుస్తుంది. పిల్లల్ని కాపాడుకునే తల్లి గొంతును చావు గొంతు అన్నారు! గుడ్లగూబనూ అలాగే అపశకునం అన్నారు. ఎదురొస్తే అపశకునం అని ఎవర్ని అన్నారో మనకు తెలుసు. కాబట్టి తీతువు అరిస్తే ఆగండి, కింద చూడండి, వచ్చిన దారినే వెనక్కి నడవండి.

వర్షాకాలంలో భిక్షువులు తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్న ప్రాణుల్ని తొక్కుతున్నారని జనం విమర్శిస్తే బుద్ధుడు వర్షావాసం నియమం పెట్టాడు. జనం మాట విని, తన సంఘం అడుగులు ఎక్కడ పడాలో మార్చాడు. కాలిబాట దాటొద్దని పార్కులో చెప్తే మనకు చిన్నతనం ఏముంది?

గుంపు ఏం చేస్తుంది?

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర రోడ్డు మధ్యలో ఒక చిరుత కూర్చున్న దృశ్యం అందరం టీవీలో చూశాం. జనం పోగయ్యారు. బెదిరిన చిరుత పరుగెత్తింది, లారీ ఎక్కబోతున్న ఒక మనిషి కాలు పట్టుకుంది, తర్వాత తప్పించుకుపోయింది. ఒంటరిగా ఉన్న ప్రాణిని గుంపు చుట్టుముడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

ఎప్పుడైనా చిరుత ఎదురైతే పరుగెత్తొద్దు, వంగొద్దు, వీపు చూపొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, నిటారుగా నిలబడి, మెల్లగా వెనక్కి జరగండి. దానికి పోయే దారి వదలండి. ఆ తర్వాత అటవీశాఖకు చెప్పండి. వాట్సాప్‌లో పెట్టి ఇంకో వందమందిని పిలవకండి. పిల్లలతో ఉన్న అడవి పంది దగ్గరికి కూడా పోవద్దు.

కంచ గచ్చిబౌలి

2025 మార్చి చివర, ఉగాది రోజుల్లో, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు వచ్చాయి. యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుకున్నారు, దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపమంది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునైపోయాయి. దూరం అంటే పట్టించుకోకపోవడం అని కొందరు అనుకుంటారు. ఆ విద్యార్థులు నెమలిని ముట్టుకోలేదు, జింకకు బిస్కెట్ పెట్టలేదు. వాటి నేల కోసం నిలబడ్డారు. అభయమిచ్చే దూరం ఉన్న చోట అవసరమైనప్పుడు అడ్డం నిలబడే మనిషి కూడా ఉంటాడు.

ఆ రోజుల్లో ఏఐతో చేసిన దొంగ బొమ్మలు కూడా ఫోన్లలో తిరిగాయి. అక్కడ జింకలు, నెమళ్లు నిజంగానే ఉన్నాయి. నిజానికి అబద్ధపు బొమ్మ అక్కర్లేదు. మంచి పని కోసమైనా దొంగ ఫోటో పంపితే నాలుగో శీలం తప్పినట్టే, పైగా అవతలివాడికి తప్పించుకునే సాకు దొరుకుతుంది.

అదే క్యాంపస్‌లో 2016 జనవరిలో సస్పెండైన దళిత విద్యార్థులు ఆరుబయట 'వెలివాడ' కట్టుకుని పడుకున్నారు. జనవరి 17న రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నాం. ఒకే నేల మీద రెండు దూరాలూ కనబడ్డాయి. మనిషిని వెలివేసిన దూరాన్ని కూల్చాలి. జింకకు అభయమిచ్చే దూరాన్ని నిలబెట్టాలి. రెండు పనులూ ఒకే ధమ్మంలోనివి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే లెక్క సరిపోదు. నెమలి కోసం ఏడ్చి వెలివాడ దగ్గరికి రానివాడిది సగం మైత్రి. వెలివాడలో నిలబడి, ఇంటికొచ్చి పామును కర్రతో కొట్టేవాడిది కూడా సగమే.

చేయవలసిన పని

ఈ పౌర్ణమికో, వచ్చే విజయదశమికో మీ బస్తీ పిల్లల్ని పదిమందిని చొప్పున తీసుకెళ్లండి. చిలుకూరుకు పొండి, లేదా అమీన్‌పూర్ చెరువుకు పొండి. తెల్లవారుజామునే పొండి. స్పీకర్లు వద్దు, ఫ్లాష్ వద్దు, మెరిసే బట్టలు వద్దు. తిండి సంచిలోనే ఉండాలి, కవర్లు ఇంటికి తిరిగి రావాలి. ఒక చోట కూర్చోబెట్టి పావుగంట మాట్లాడొద్దని చెప్పండి. ఆ తర్వాత ఏం విన్నారో, ఏం చూశారో అడగండి. ఏ పిట్ట పేరు ఎవరికి తెలుసో చెప్పించండి. గేటు దగ్గర పనిచేసే గార్డు అన్నను పేరు అడిగి పలకరించండి, అక్కడి జంతువుల గురించి ఆయనకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు.

పిల్లలు "దగ్గరికెందుకు పోకూడదు?" అని తప్పకుండా అడుగుతారు. వాళ్లకు మూడు ప్రశ్నలూ నేర్పండి. బరువు ఎవరి మీద? ఎవరు ఏం పిండుకుంటున్నారు? కారణం చెప్పగలరా? జింక దగ్గర నేర్చుకున్న ఆ ప్రశ్నల్ని వాళ్లు రేపు స్కూల్లో వేస్తారు, ఊళ్లో వేస్తారు, ఆఫీసులో వేస్తారు. ఎవరైనా తమను "దూరంగా ఉండు" అన్నప్పుడు, తలవంచుకుని జరగాల్సిన చోటు ఏదో, నిలబడి ఎదురు చెప్పాల్సిన చోటు ఏదో వాళ్లకు తెలుస్తుంది.

అందరికీ అభయం కలగాలి.

జై భీమ్! నమో బుద్ధాయ!